మెయిల్ స్క్రిప్టులో మెమరీ లీకు వేట: ప్రాజెక్టు డైరీ

స్క్రిప్టు చేసే పని చిన్నదే. ఐమ్యాప్ (సర్వర్ మీది మెయిల్ చదివే ప్రోటోకాల్) ద్వారా మెయిల్‌బాక్సులోకి లాగిన్ అవుతుంది, కొత్త మెయిళ్లు చదువుతుంది, అటాచ్‌మెంట్లు డిస్కు మీద దాస్తుంది, మెయిల్‌ని ఆర్కైవ్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది. ఆగకుండా నడుస్తూ ఉండాలి. నడుస్తున్నకొద్దీ మెమరీ పెరుగుతుంది (పని అయిపోయినా మెమరీని వదలకపోవడమే లీకు), చివరికి లైనక్స్ ఓఓఎం కిల్లర్ (మెమరీ నిండుకున్నప్పుడు ప్రాసెస్‌ని ఆపేసే భాగం) వచ్చి ప్రాసెస్‌ని చంపేస్తుంది. నా చేతికి వచ్చేసరికి దీనికి దొరికిన మందు ఒక్కటే: క్రాన్‌లో (టైం ప్రకారం పనులు నడిపే టూల్) రోజూ రీస్టార్ట్. ఈమధ్య రీస్టార్ట్ టైం దాకా కూడా బతకడం లేదు.

వాడినవి: పైథాన్ 3.11, దానితోపాటే వచ్చే ఐమ్యాప్‌లిబ్, ఈమెయిల్ మాడ్యూళ్లు, గ్లిబ్‌సీ (ప్రోగ్రాములకి మెమరీ తెచ్చిచ్చే సీ లైబ్రరీ) ఉన్న లైనక్స్. వేరే భాషలో రాసిన స్క్రిప్టయినా ఈ దశలు చాలావరకు పనికొస్తాయి, టూల్స్ పేర్లే మారతాయి.

దశ 0: టెస్ట్ బెంచ్

అసలు మెయిల్‌బాక్సు మీద లీకు వెతకడం వృథా. ఈరోజు వచ్చిన మెయిళ్లు రేపు రావు కాబట్టి రెండు కొలతల్ని పక్కపక్కన పెట్టి చూడలేం. అందుకే లోకల్‌గా డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ పెట్టాను.

1. టెస్ట్ మెయిల్‌బాక్సులో 2,000 మెయిళ్లు. 1,900 చిన్నవి, 100 పెద్ద అటాచ్‌మెంట్లు ఉన్నవి. అన్నిటికంటే పెద్ద అటాచ్‌మెంటు 20 ఎంబీ.
2. వాటిలో 12 మెయిళ్లకి కావాలనే చెడిపోయిన క్యారెక్టర్ సెట్ పేరు పెట్టాను. నిజం మెయిల్‌లో ఇలాంటివి తప్పకుండా ఉంటాయి. ఆ 12లో నాలుగింటికి పెద్ద అటాచ్‌మెంట్లు కూడా ఉన్నాయి.
3. 2,000 మెయిళ్లూ ఒకసారి పూర్తయితే ఒక రౌండు.
4. ప్రతి 100 మెయిళ్లకి ఒకసారి డవ్‌ఆడ్మ్ కిక్ కమాండుతో కనెక్షన్ తెంపుతాను. అంటే రౌండుకి 20 రీకనెక్టులు. బయట సర్వర్లు ఎప్పుడు తెంపుతాయో మన చేతిలో ఉండదు. ఐమ్యాప్ ప్రమాణం ప్రకారం ఖాళీగా ఉన్న సెషన్‌ని సర్వర్ కనీసం 30 నిమిషాలు ఉంచాలి, కానీ దాని ముందే తెగడం మామూలే.
5. టెస్ట్ సర్వర్ సర్టిఫికెట్‌ని సిస్టమ్ నమ్మే సర్టిఫికెట్ల జాబితాలో చేర్చాను. స్క్రిప్టులో విడిగా ఒక సర్టిఫికెట్ ఫైల్ ఇచ్చి సరిపెట్టుకోలేదు. ఈ తేడా ఎంత ముఖ్యమో దశ 4లో తెలుస్తుంది.

దశ 1: ఏం కొలవాలి

ప్రతి రౌండు చివర నాలుగు అంకెలు ఒక సీఎస్‌వీ ఫైల్లో రాసుకున్నాను.

1. ప్రోక్ (లైనక్స్ ప్రతి ప్రాసెస్ వివరాలు చూపించే డైరెక్టరీ) కింద ఉండే స్టేటస్ ఫైల్ నుంచి వీఎం ఆర్‌ఎస్‌ఎస్: ప్రాసెస్ ఇప్పుడు పట్టుకున్న ర్యామ్.
2. అదే ఫైల్ నుంచి వీఎం హెచ్‌డబ్ల్యూఎం: ఇప్పటిదాకా చేరిన గరిష్ఠం.
3. ఫైల్ డిస్క్రిప్టర్ల (తెరిచిన ప్రతి ఫైలుకి, కనెక్షన్‌కి సిస్టమ్ ఇచ్చే నంబర్లు) సంఖ్య: ప్రోక్ కింద ఎఫ్‌డీ డైరెక్టరీలో ఎన్ని ఎంట్రీలున్నాయో అంత.
4. ట్రేస్‌మాలాక్ (ఏ లైను ఎంత మెమరీ తీసుకుందో చూపే పైథాన్ టూల్) చెప్పే మొత్తం. దీన్ని మాత్రం వేరే రన్‌లో తీసుకోవాలి. ట్రేస్‌మాలాక్ తనకోసం తాను కూడా మెమరీ తింటుంది, పైగా స్క్రిప్టుని నెమ్మదింపజేస్తుంది. అది ఆన్‌లో ఉండగా తీసిన ఆర్‌ఎస్‌ఎస్ అంకెని నమ్మకూడదు.

రిసోర్స్ మాడ్యూల్ ఇచ్చే గరిష్ఠ ఆర్‌ఎస్‌ఎస్‌తో గ్రాఫు గీసి ‘మెమరీ తగ్గడమే లేదు’ అనుకునేవాళ్లు చాలామంది. అది గరిష్ఠం కాబట్టి ఎప్పటికీ తగ్గదు. లైనక్స్‌లో దాని యూనిట్ కేబీ, మ్యాక్‌లో బైట్లు. ఇదొకటి గుర్తు లేకపోతే అంకెలు వెయ్యి రెట్లు తేడాగా కనిపిస్తాయి.

మొదటి కొలత: ఇంపోర్టులు అయ్యాక 38 ఎంబీ. మొదటి రౌండు చివర 371, రెండో రౌండు 484, మూడో రౌండు 597.

మొదటి రౌండు దూకుడుని పక్కన పెట్టాను. ఏ ప్రోగ్రామైనా మొదటిసారి నడిచినప్పుడు కాష్‌లు నిండుతాయి, బఫర్లు పెరుగుతాయి. లీకు అంటే ఆ తర్వాత కూడా ఒకే మోతాదులో పెరిగేది.

*ఇప్పటిదాకా లెక్క: రౌండుకి 113 ఎంబీ పెరుగుదల, డిస్క్రిప్టర్లు రౌండుకి 40 చొప్పున.*

డిస్క్రిప్టర్ల అంకె చూస్తే మెమరీ కంటే ముందు అదే దెబ్బ కొట్టేలా ఉంది. ప్రాసెస్‌కి పరిమితి 1,024. మొదట్లో 12 తెరిచి ఉంటాయి, రౌండుకి 40 కలుస్తాయి, కాబట్టి 26వ రౌండులో ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అనే ఎర్రర్ 24 రావాలి. చిన్న మెయిళ్లు మాత్రమే పెట్టి నడిపి చూస్తే సరిగ్గా అక్కడే వచ్చింది. సర్వర్ లాగులో ఓఓఎం ఆనవాళ్లే కాక అప్పుడప్పుడు ఈ ఎర్రర్ ఎందుకు కనిపించేదో అర్థమైంది: పెద్ద మెయిళ్లు తక్కువ వచ్చిన రోజుల్లో మెమరీ కంటే ముందు డిస్క్రిప్టర్లు అయిపోయేవి.

దశ 2: అందరూ ముందు చెప్పేది, పని చేయనిది

రౌండు చివర గార్బేజ్ కలెక్టర్‌ని (వాడకంలో లేని ఆబ్జెక్టుల్ని ఏరేసే పైథాన్ భాగం) బలవంతంగా పిలిచాను. మూడో రౌండు తర్వాత 597 కాస్తా 594 అయింది. మెయిల్ అయిపోగానే వేరియబుల్స్‌ని డెల్‌తో తీసేయడం కూడా ప్రయత్నించాను, అంకె కదల్లేదు.

నిజానికి ఈ ఫలితం ఉపయోగపడింది. కలెక్టర్ పిలిచినా పోలేదంటే అవి ఒకదాన్నొకటి పట్టుకుని, బయట ఎవరూ పట్టుకోని ఆబ్జెక్టుల వలయాలు కావు. ఎవరో ఒకరు ఇంకా వాటిని గట్టిగా పట్టుకునే ఉన్నారు. ఇక వెతకాల్సింది చెత్తని కాదు, పట్టుకున్నవాణ్ని. స్క్రిప్టులో ప్రతి ఫంక్షన్ చివరా ఆ పిలుపు చల్లేసి ఉంటే మాత్రం తీసేయండి. టైం తింటుంది తప్ప లాభం లేదు.

దశ 3: ట్రేస్‌మాలాక్, ఎర్రర్ల జాబితా

స్టాక్ లోతు 25తో ట్రేస్‌మాలాక్ మొదలుపెట్టి, రెండో రౌండు చివర ఒక స్నాప్‌షాట్, మూడో రౌండు చివర ఇంకొకటి తీసి పోల్చాను. పెరిగింది 89 ఎంబీ.

ఇక్కడ కాసేపు ఆగాను. ఆర్‌ఎస్‌ఎస్ ప్రకారం 113, ట్రేస్‌మాలాక్ ప్రకారం 89. మిగతా 24 ఎంబీ ఎక్కడుంది? పైథాన్ అలొకేటర్ల గుండా వెళ్లేదే ట్రేస్‌మాలాక్ లెక్కపెడుతుంది. సీ లైబ్రరీ నేరుగా మాలాక్ (సీలో మెమరీ అడిగే ఫంక్షన్) పిలిచి తీసుకున్నది దానికి కనబడదు. మెయిల్ స్క్రిప్టులో అలాంటి పెద్ద లైబ్రరీ ఒకటే, కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. దాన్ని తర్వాతి దశకి పెట్టుకున్నాను.

89 ఎంబీలో పై మూడు వరుసలు: ఐమ్యాప్‌లిబ్‌లో సాకెట్ నుంచి చదివే లైను, ఈమెయిల్ ప్యాకేజీలో ఫీడ్‌పార్సర్ లైన్లన్నీ కలిపి అతికించే చోటు, బేస్64 (అటాచ్‌మెంటుని మామూలు అక్షరాలుగా మార్చే పద్ధతి) డీకోడ్ చేసే లైను. ఇది చూసి ‘ఐమ్యాప్‌లిబ్‌లో లీకుంది’ అనేసుకోవడం తేలిక. ఆ మెమరీ ఎక్కడ పుట్టిందో మాత్రమే ఆ రిపోర్టు చెబుతుంది. ఎవరు వదలట్లేదో చెప్పదు. మెయిల్ ఎవరు పట్టుకున్నా పుట్టేది మాత్రం ఆ లైన్లలోనే.

పట్టుకున్నవాణ్ని వెతికిన తీరు:

1. రౌండు అయ్యాక కలెక్టర్ ట్రాక్ చేసే ఆబ్జెక్టులన్నిటి జాబితా తీసి, అందులో ఈమెయిల్‌మెసేజ్ రకానివి ఏరాను. మెయిల్ పని అయిపోయాక ఒక్కటీ ఉండకూడదు. ఉన్నాయి. పై స్థాయి మెసేజ్‌లు లెక్కపెడితే రౌండుకి 12.
2. బైట్ల ఆబ్జెక్టులు ఈ జాబితాలో రావు, కలెక్టర్ వాటిని ట్రాక్ చేయదు. అందుకే మెసేజ్ ఆబ్జెక్టుతో మొదలుపెట్టాలి.
3. ఒక మెసేజ్ తీసుకుని ఆబ్జ్‌గ్రాఫ్‌తో (ఏ ఆబ్జెక్టుని ఏది పట్టుకుందో చూపే టూల్) వెనక్కి నడిచాను. మెసేజ్ వెనక ఒక ఫ్రేమ్ (నడిచిన ఫంక్షన్ స్థితి), దాని వెనక ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చెప్పే జాడ), దాని వెనక లుకప్‌ఎర్రర్, దాని వెనక ‘ఫెయిల్డ్’ అనే జాబితా.

12 అనే అంకె కనబడగానే సగం సంగతి తెలిసిపోయింది. చెడిపోయిన క్యారెక్టర్ సెట్ పెట్టినవి 12. ఆ మెయిళ్లు డీకోడ్ అవక ఎక్సెప్షన్ వస్తుంది, స్క్రిప్టు దాన్ని పట్టుకుని ‘తర్వాత రిపోర్టు చేద్దాం’ అని ఎక్సెప్షన్ ఆబ్జెక్టునే జాబితాలో దాస్తోంది. ఎక్సెప్షన్‌తోపాటు ట్రేస్‌బ్యాక్, దానితోపాటు ఫ్రేములు, ఫ్రేముల్లో ఆ క్షణంలో ఉన్న లోకల్ వేరియబుల్స్ మొత్తం వస్తాయి. అంటే ముడి మెయిల్, పార్స్ చేసిన మెసేజ్, అప్పటికే డీకోడ్ చేసిన అటాచ్‌మెంట్ బైట్లు. ఒక్కో పెద్ద మెయిల్‌కి 22 ఎంబీ చొప్పున, నాలుగింటికి 88.

పైథాన్ 3లో ఎక్సెప్ట్ బ్లాకు అయిపోగానే ఆ ఎక్సెప్షన్ పేరు దానంతటదే చెరిగిపోతుంది. ఈ గొడవ రాకుండానే అలా చేశారు. జాబితాలో మనమే దాచుకుంటే ఆ ఏర్పాటుకి అర్థం లేదు.

మార్చింది: ఎక్సెప్షన్‌కి బదులు యూఐడీ (మెయిల్‌కి సర్వర్ ఇచ్చే నంబరు), ఎర్రర్ రకం పేరు, ఫార్మాట్ చేసిన ట్రేస్‌బ్యాక్ టెక్స్టు మాత్రమే దాస్తున్నాను. ఎక్సెప్షన్ ఆబ్జెక్టే కావాలనుకుంటే ట్రేస్‌బ్యాక్ మాడ్యూల్లో ఫ్రేముల్ని ఖాళీ చేసే ఫంక్షన్ ఉంది. టెక్స్టుతో పని అయిపోతుంటే అంత దూరం పోనక్కర్లేదు. రిపోర్టు పంపాక జాబితాని ఖాళీ చేసే లైను కూడా లేదు, అదీ చేర్చాను.

*ఇప్పటిదాకా లెక్క: 113 నుంచి 25 ఎంబీకి. డిస్క్రిప్టర్లు ఇంకా రౌండుకి 40.*

దశ 4: చావని సెషన్లు

తెరిచిన ఫైళ్లు చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో చూస్తే పెరిగే 40 డిస్క్రిప్టర్లలో 20 సాకెట్లు (నెట్‌వర్క్ కనెక్షన్లు), 20 లాగు ఫైళ్లు. ఎస్‌ఎస్ కమాండు ప్రకారం ఆ సాకెట్లన్నీ క్లోజ్ వెయిట్ స్థితిలో ఉన్నాయి. అవతలివైపు సర్వర్ ఎప్పుడో మూసేసింది, ఇవతలివైపు మనమే మూయలేదు.

కోడ్‌లో సెషన్ చివర క్లోజ్ పిలుస్తున్నారు. ఐమ్యాప్‌లిబ్‌లో క్లోజ్ అంటే కనెక్షన్ మూయడం కాదు, తెరిచిన ఫోల్డర్‌ని మూయడం. పైగా డిలీట్ గుర్తు పెట్టిన మెయిళ్లని శాశ్వతంగా తీసేస్తుంది కూడా. కనెక్షన్ పోవాలంటే లాగౌట్ కావాలి.

మొదటి ప్రయత్నం: ఫైనల్లీ బ్లాకులో లాగౌట్. డిస్క్రిప్టర్లు ఒక్కటి కూడా తగ్గలేదు. లైబ్రరీ సోర్సు తెరిస్తే కారణం దొరికింది. లాగౌట్ ముందు సర్వర్‌కి లాగౌట్ కమాండు పంపుతుంది, జవాబు వచ్చాకే సాకెట్ మూస్తుంది. సర్వర్ ముందే తెంపేసిన కనెక్షన్ మీద కమాండు పంపితే అబార్ట్ ఎక్సెప్షన్ వస్తుంది, సాకెట్ మూసే లైను దాకా పోదు. పైథాన్ 3.8 నుంచి లాగౌట్ ఇలాంటి ఎక్సెప్షన్లని మింగేయకుండా బయటికి వదులుతోంది. మన స్క్రిప్టులో పైనున్న ఎక్సెప్ట్ దాన్ని నిశ్శబ్దంగా పట్టేసుకుంటోంది.

రెండో ప్రయత్నం:

1. ట్రైలో లాగౌట్.
2. ఐమ్యాప్ ఎర్రర్, ఓఎస్ ఎర్రర్ రెండూ పట్టుకోవాలి. అబార్ట్ అనేది ఓఎస్ ఎర్రర్ కింద రాదు.
3. ఫైనల్లీలో షట్‌డౌన్. ఇది సర్వర్‌తో మాట్లాడకుండా నేరుగా సాకెట్ మూస్తుంది.

సాకెట్లు పోయాయి. డిస్క్రిప్టర్లు రౌండుకి 40 నుంచి 20కి తగ్గాయి. మెమరీ మాత్రం అదే 25 ఎంబీ.

సాకెట్ మూసినా ఐమ్యాప్ ఆబ్జెక్టు బతికే ఉందన్నమాట. మళ్లీ ఆబ్జ్‌గ్రాఫ్‌తో వెనక్కి నడిస్తే ఐమ్యాప్ ఆబ్జెక్టు వెనక సెషన్ క్లాస్, దాని వెనక ఒక టపుల్, చివర్లో ఎల్‌ఆర్‌యూ కాష్ (ఫంక్షన్ ఫలితాల్ని దాచి మళ్లీ ఇచ్చేది). పంపినవారి అడ్రస్‌ని బట్టి ఫోల్డర్ పేరు చెప్పే మెథడ్ మీద ఎవరో కాష్ డెకరేటర్ పెట్టారు, సైజు పరిమితి కూడా లేదు. మెథడ్ మీద పెడితే కాష్ కీలో సెల్ఫ్ (అంటే ఆ సెషన్ ఆబ్జెక్టే) కూడా చేరుతుంది. ప్రతి రీకనెక్టుకి కొత్త సెషన్, కొత్త సెల్ఫ్, పాతవి కాష్‌లో పదిలం. అంటే పాత సెషన్‌లో దాచినది రీకనెక్టు తర్వాత ఒక్కసారి కూడా హిట్ అవదు. వేగం కోసం పెట్టింది పెద్దగా వేగం ఇవ్వకపోగా సెషన్లని దాచిపెడుతోంది.

కనబడని 24 ఎంబీ సంగతి కూడా ఇక్కడే తేలింది. ప్రతి సెషన్ తన సొంత ఎస్‌ఎస్‌ఎల్ కాంటెక్స్ట్ (ఎన్‌క్రిప్షన్ సెట్టింగులు, సర్టిఫికెట్లు ఉండే ఆబ్జెక్టు) తయారు చేసుకుంటోంది. డిఫాల్ట్ కాంటెక్స్ట్ సిస్టమ్ నమ్మే సర్టిఫికెట్ల కట్టనంతా లోడ్ చేస్తుంది, అది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వైపు ఉండే మెమరీ. నా మెషిన్‌లో ఒక్కోటి సుమారు 1.2 ఎంబీ, రౌండుకి 20 కాంటెక్స్ట్‌లు. బెంచ్‌లో విడిగా ఒక సర్టిఫికెట్ ఫైల్ ఇచ్చి ఉంటే కాంటెక్స్ట్ ఆ ఒక్కదాన్నే లోడ్ చేసేది, ఈ 24 ఎంబీ బెంచ్‌లో కనబడేదే కాదు.

మార్చినవి:

1. ఫోల్డర్ వెతికే పనిని క్లాసు బయట మామూలు ఫంక్షన్ చేసి, కాష్ సైజు 512 పెట్టాను. ఇప్పుడు రీకనెక్టు తర్వాత కూడా కాష్ పనికొస్తోంది.
2. ఎస్‌ఎస్‌ఎల్ కాంటెక్స్ట్ ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారే తయారవుతుంది, అన్ని సెషన్లకీ అదే ఇస్తాను.
3. కనెక్షన్‌కి టైమౌట్ 60 సెకన్లు. ఐమ్యాప్‌లిబ్‌లో ఈ ఆప్షన్ పైథాన్ 3.9 నుంచి ఉంది. లీకుతో సంబంధం లేదు, కానీ చేయి పెట్టిన చోట ఇది లేకపోవడం చూసి వదల్లేకపోయాను.

*ఇప్పటిదాకా లెక్క: 25 నుంచి 1 ఎంబీకి. డిస్క్రిప్టర్లు రౌండుకి 20.*

దశ 5: లాగు ఫైళ్లు

ఇది త్వరగా తేలింది. ప్రతి సెషన్‌కి దాని ఐడీతో కొత్త లాగర్, దానికో ఫైల్ హ్యాండ్లర్ (లాగు ఫైలుని తెరిచి ఉంచేది). లాగింగ్ మాడ్యూల్ ఒకసారి పేరు పెట్టి ఇచ్చిన లాగర్‌ని ప్రోగ్రామ్ అయిపోయేదాకా తన దగ్గరే ఉంచుకుంటుంది, మనం వదిలేసినా అది వదలదు. మొత్తానికి ఒకే లాగర్, ఒకే హ్యాండ్లర్ పెట్టి, సెషన్ ఐడీని లాగర్ అడాప్టర్ ద్వారా ప్రతి లైనులో చేర్చాను. లాగు చదవడం కూడా సుఖమైంది.

ఇప్పుడు మిగిలిన పెరుగుదల ఒక్కో రౌండుకి కొలిచేంత పెద్దది కాదు. ఆర్‌ఎస్‌ఎస్ మామూలుగానే ఎంబీ అటూ ఇటూ ఊగుతుంది. అందుకే ఇక్కణ్నుంచి 20 రౌండ్లు నడిపి మొత్తం తేడాని 20తో భాగిస్తున్నాను.

*ఇప్పటిదాకా లెక్క: 20 రౌండ్లకి 6 ఎంబీ, అంటే రౌండుకి 0.3. డిస్క్రిప్టర్లు పెరగడం లేదు.*

దశ 6: బెంచ్‌లో కనబడని లీకు

ఈ వెర్షన్‌ని అసలు మెయిల్‌బాక్సు మీద పెట్టాను. పాతదానికంటే చాలా నయం, కానీ గ్రాఫు ఇంకా పైకే పోతోంది. బెంచ్‌లో సమతలం, బయట ఏటవాలు. రెండిటికీ తేడా ఏమిటని చూస్తే ఒకటే: బెంచ్‌లో ప్రతి రౌండూ అవే 2,000 మెయిళ్లు, బయట ఎప్పుడూ కొత్తవి.

మళ్లీ మళ్లీ అదే డేటా తిప్పే బెంచ్‌కి ఈ గుడ్డిమచ్చ ఉంటుంది. కీ కొత్తదైతేనే పెరిగే సెట్లు, డిక్షనరీలు మొదటి రౌండులోనే నిండిపోయి తర్వాత నోరెత్తవు. ప్రతి రౌండుకి ముందు మెసేజ్ ఐడీలన్నీ (ప్రతి మెయిల్ హెడర్‌లో ఉండే గుర్తింపు) మార్చేలా బెంచ్ సరిచేశాను. వెంటనే రౌండుకి 10.6 ఎంబీ బయటపడింది.

ఒకే మెయిల్ రెండుసార్లు ప్రాసెస్ కాకుండా మెసేజ్ ఐడీలని ఒక సెట్‌లో దాస్తున్నారు. అది ఊహించిందే. కానీ 2,000 ఐడీలకి 10 ఎంబీ ఏమిటి? ఒక్కోటి అరవై అక్షరాల స్ట్రింగు. లెక్క ప్రకారం సెట్ ఖర్చు కూడా కలిపినా అర ఎంబీ దాటకూడదు. సైజు చెప్పే గెట్‌సైజాఫ్ ఫంక్షన్ అడిగితే అదీ చిన్న అంకే చెబుతోంది, ఎందుకంటే అది పై ఆబ్జెక్టు మాత్రమే చూస్తుంది, లోపల వేలాడేవి చూడదు.

ట్రేస్‌మాలాక్ ఈసారి హెడర్ వాల్యూ పార్సర్ అనే ఫైలు చూపించింది. ఐడీ ఒకటి తీసి దాని రకం అడిగాను. స్ట్రింగు కాదు! ఈమెయిల్ ప్యాకేజీలో కొత్త డిఫాల్ట్ పాలసీ వాడితే మెసేజ్ నుంచి తీసిన హెడర్ మామూలు స్ట్రింగు కాదు, స్ట్రింగు నుంచి పుట్టిన హెడర్ క్లాసు. ప్రింట్ చేస్తే స్ట్రింగులాగే ఉంటుంది, పోలిస్తే స్ట్రింగులాగే పోలుతుంది, సెట్‌లో వేస్తే మాట్లాడకుండా వెళ్తుంది. లోపల మాత్రం ఆ హెడర్‌ని ముక్కలు ముక్కలుగా పార్స్ చేసిన చెట్టు మొత్తం మోసుకు తిరుగుతుంది. కొలిస్తే ఐడీకి 5 కేబీ దాకా. మెసేజ్ ఐడీకి ఇలాంటి పార్సింగ్ పైథాన్ 3.8లో వచ్చింది, కాబట్టి పాత పైథాన్‌లో బాగానే నడిచిన స్క్రిప్టు వెర్షన్ మార్చాక ఇక్కడ లావెక్కుతుంది.

దాచే ముందు స్ట్రింగుగా మార్చితే చాలు, చెట్టు వదిలిపోతుంది. ఒక్క పదం మార్పుతో 10.6 కాస్తా 0.6 అయింది. ఫ్రమ్, సబ్జెక్ట్ హెడర్లని ఎక్కడైనా దాస్తుంటే వాటికీ ఇదే పని చేయండి.

సెట్ మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంటుంది, నెమ్మదిగా. దాన్ని ఎస్‌క్యూలైట్ (ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) టేబుల్‌కి మార్చి 90 రోజులు దాటిన వరుసలు తీసేస్తున్నాను. రీస్టార్ట్ అయినా డూప్లికేట్ల జ్ఞాపకం పోదు, అది ఉచితంగా వచ్చిన లాభం.

*ఇప్పటిదాకా లెక్క: కొత్త బెంచ్‌లో రౌండుకి 0.3 ఎంబీ.*

దశ 7: తెగని సెషన్

ఇప్పటిదాకా ప్రతి 100 మెయిళ్లకి కనెక్షన్ తెంపుతున్నాను. అసలు తెంపకపోతే? కిక్ ఆపేసి 20 రౌండ్లు ఒకే సెషన్ మీద నడిపాను.

ఐమ్యాప్ సర్వర్ మనం అడగని సంగతులు కూడా మధ్యమధ్యలో చెబుతుంది, కొత్త మెయిల్ వచ్చిందనో, మెయిల్ పోయిందనో. ఐమ్యాప్‌లిబ్ వీటన్నిటినీ అన్‌ట్యాగ్డ్ రెస్పాన్సెస్ అనే డిక్షనరీలో రకం వారీగా పోగుచేస్తుంది. ఎవరైనా అడిగి తీసుకుంటే ఖాళీ అవుతుంది, సెలెక్ట్ పిలిస్తే మొత్తం తుడిచిపెడుతుంది. రెండూ జరగకపోతే పేరుకుంటుంది. మన స్క్రిప్టు ఫోల్డర్‌ని ఒకసారి సెలెక్ట్ చేసి, ఆపైన నోఆప్‌తో (ఏ పనీ చెప్పని కమాండు) పోల్ చేస్తూ కూర్చుంటుంది.

డిక్షనరీ తెరిస్తే కాపీయూఐడీ అనే కీ కింద 40,000 ఎంట్రీలు. యూఐడీ ప్లస్ సపోర్టు ఉన్న సర్వర్ ప్రతి కాపీకి కొత్త యూఐడీ ఏమిటో జవాబులో బ్రాకెట్లలో చెబుతుంది. 20 రౌండ్లు, రౌండుకి 2,000 కాపీలు, లెక్క సరిగ్గా సరిపోయింది. ఎంబీల్లో చూస్తే ఇది రౌండుకి 0.2 మాత్రమే. ఇంత చిన్న లీకుని ఆర్‌ఎస్‌ఎస్ గ్రాఫులో వెతికితే దొరకదు, జాబితా పొడవు లెక్కపెడితే క్షణంలో దొరుకుతుంది.

మార్పు: ప్రతి కాపీ తర్వాత రెస్పాన్స్ మెథడ్‌తో కాపీయూఐడీని అడిగి తీసుకుంటున్నాను, కొత్త యూఐడీ లాగులో కూడా పడుతోంది. ఎగ్జిస్ట్స్, రీసెంట్, ఎక్స్‌పంజ్ కూడా పోల్ చేసిన ప్రతిసారీ తీసేస్తున్నాను. పోలింగ్ బదులు ఐడిల్ (కొత్త మెయిల్ వస్తే సర్వరే చెప్పే పద్ధతి) వాడదామా అని ఆలోచించాను. ఐమ్యాప్‌లిబ్‌లోకి అది పైథాన్ 3.14లోనే వచ్చింది, ప్రస్తుతానికి వద్దనుకున్నాను.

*ఇప్పటిదాకా లెక్క: కిక్ ఉన్నా లేకపోయినా 20 రౌండ్లకి 3 ఎంబీ లోపు, 40 రౌండ్లు నడిపినా అదే 3. లీకు లేదు.*

దశ 8: లీకు లేదు, మరి 258 ఎంబీ ఎందుకు?

గ్రాఫు సమతలమైంది, కానీ 258 దగ్గర. ట్రేస్‌మాలాక్ చెప్పే బతికున్న మెమరీ 21 ఎంబీ. మిగతాది ఎవరిది?

మొదట్లో మాలాక్ ట్రిమ్ ఫంక్షన్‌ని (ఖాళీ మెమరీని సిస్టమ్‌కి ఇచ్చేయమని గ్లిబ్‌సీని అడిగేది) సీటైప్స్ (పైథాన్ నుంచి సీ ఫంక్షన్లు పిలిచే మాడ్యూల్) ద్వారా పిలిచి చూశాను. 258 ఒక్కసారిగా 81 అయింది. అంటే పైథాన్ వదిలేసిన మెమరీనే గ్లిబ్‌సీ సిస్టమ్‌కి తిరిగివ్వకుండా తన దగ్గర ఉంచుకుంది.

కారణం ఇది. పెద్ద అలొకేషన్ అడిగితే గ్లిబ్‌సీ దాన్ని ఎంమ్యాప్‌తో విడిగా తెస్తుంది, వదలగానే వెంటనే వెనక్కి ఇచ్చేస్తుంది. ఏది పెద్దది అన్న గీత మొదట 128 కేబీ దగ్గర ఉంటుంది. కానీ ఆ గీత కదులుతుంది. అలా తెచ్చిన ముక్కని వదిలినప్పుడు గీత ఆ ముక్క సైజుకి పెరుగుతుంది, 64 బిట్ మెషిన్‌లో 32 ఎంబీ దాకా. ఒక పెద్ద మెయిల్ వచ్చి పోయాక గీత పైకి ఎక్కేస్తుంది, ఆ తర్వాత అంతకంటే చిన్న మెయిళ్లన్నీ మామూలు హీప్‌లోకి (చిన్నా పెద్దా అన్నీ కలిసి ఉండే మెమరీ ప్రాంతం) వస్తాయి. పెద్ద ముక్కల మధ్యలో ఏదో ఒక చిన్న ఆబ్జెక్టు బతికి ఉంటే కింద ఖాళీ ఉన్నా హీప్ కుంచించుకోదు.

మాలాక్ ఎంమ్యాప్ థ్రెషోల్డ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 131072గా పెడితే గీత కదలడం ఆగిపోతుంది. వేరియబుల్ పేరు చివర అండర్‌స్కోర్ ఉంటుంది, అది మరిచిపోతే ఎర్రర్ ఏమీ రాదు, పని కూడా చేయదు. పెట్టాక సమతలం 258 నుంచి 74కి దిగింది. రౌండు సమయం కొద్దిగా పెరిగింది, అది భరించదగ్గదే. ట్రిమ్‌ని టైమర్ మీద పిలవడం కంటే ఇదే నాకు నచ్చింది. కోడ్‌లో ఏమీ తాకనక్కర్లేదు.

*ఇప్పటిదాకా లెక్క: సమతలం 74 ఎంబీ. గరిష్ఠం మాత్రం 309.*

దశ 9: గరిష్ఠాన్ని దించడం

ఆ 309 ఒకే ఒక్క మెయిల్ పుణ్యం. 20 ఎంబీ అటాచ్‌మెంటు బేస్64లో ప్రతి 57 బైట్లకి 78 అక్షరాలు అవుతుంది, లైను చివరలతో కలిపి. అంటే 27.4 ఎంబీ. దాన్ని ఐమ్యాప్‌లిబ్ ఒక్క గుక్కలో చదువుతుంది, పార్సర్ స్ట్రింగు చేస్తుంది, లైన్లుగా విడదీస్తుంది, మళ్లీ అతికిస్తుంది, చివర మనం డీకోడ్ చేస్తాం. ఒకే మెయిల్ అయిదారు అవతారాల్లో ఒకేసారి మెమరీలో ఉంటుంది.

పరిష్కారం: మెయిల్ మొత్తం తేవద్దు.

1. ముందు బాడీస్ట్రక్చర్ అడగాలి. ఏ భాగం ఏ రకం, ఎంత సైజు, ఏ ఎన్‌కోడింగ్ అన్నీ అందులో ఉంటాయి.
2. హెడర్లు, టెక్స్టు భాగాలు బాడీ పీక్‌తో తేవాలి. పాత కోడ్‌లో ఉన్న ఆర్‌ఎఫ్‌సీ822 ఫెచ్ మెయిల్‌కి చదివినట్టు గుర్తు పెట్టేస్తుంది, పీక్ పెట్టదు.
3. అటాచ్‌మెంట్ భాగాన్ని 1 ఎంబీ ముక్కలుగా అడిగి, డీకోడ్ చేసి, నేరుగా ఫైల్లో రాయాలి. 27.4 ఎంబీకి 28 ఫెచ్‌లు.
4. అడిగినదానికంటే తక్కువ వస్తే అదే చివరి ముక్క.

బాడీస్ట్రక్చర్ జవాబుని ఐమ్యాప్‌లిబ్ విడమరిచి ఇవ్వదు, బ్రాకెట్ల గుట్టలా చేతిలో పెడుతుంది. ఫైలు పేరులో కొటేషన్లు, వింత అక్షరాలు ఉంటే సర్వర్ ఆ పేరుని లిటరల్‌గా (ముందు పొడవు చెప్పి, తర్వాత విడిగా ముడి బైట్లుగా) పంపవచ్చు, అప్పుడు జవాబు రెండు ముక్కలై వస్తుంది. కొత్త లైబ్రరీ చేర్చే స్వేచ్ఛ ఉంటే ఐమ్యాప్‌క్లయింట్ వాడండి, అది పార్స్ చేసి ఇస్తుంది. నాకు ఆ స్వేచ్ఛ లేక చిన్న పార్సర్ రాశాను, ఈ మొత్తం పనిలో విసుగు పుట్టించింది అదొక్కటే.

పాత దారిలో, కొత్త దారిలో దాచిన ఫైళ్ల ఎస్‌హెచ్‌ఏ 256 (ఫైలుకి వేలిముద్రలాంటి అంకె) పోల్చాను. 100లో 3 కలవలేదు. ముక్క సైజుని 78 గుణిజంగా పెట్టి ప్రతి ముక్క లైను చివరే ఆగుతుందన్న లెక్కతో డీకోడ్ రాసి ఉంది. ఆ మూడు మెయిళ్లలో లైనుకి 76 కాక 72 అక్షరాలున్నాయి. ప్రమాణం చెప్పేది 76 మించకూడదనే, 76 ఉండి తీరాలని కాదు. సరిచేసిన పద్ధతి: ముక్కలోంచి లైను చివరలు తీసేయాలి, నాలుగుతో భాగించగా మిగిలిన ఒకటి రెండు మూడు అక్షరాలని పక్కన పెట్టి తర్వాతి ముక్క ముందు అతికించాలి. ఆపైన 100కి 100 కలిశాయి, ముక్క సైజు ఎంతున్నా సరే.

ఒకటి గమనించాలి. ప్రతి ఫెచ్‌కి ఒక రాకపోకల ఆలస్యం ఉంటుంది. సర్వర్‌కి 40 మిల్లీసెకన్ల దూరంలో ఉంటే ఆ పెద్ద మెయిల్‌కి సెకనుకి కాస్త ఎక్కువ కలుస్తుంది. 64 కేబీ ముక్కలు పెడితే మెమరీలో పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు, ఆలస్యం మాత్రం పదహారింతలు.

*ఇప్పటిదాకా లెక్క: సమతలం 52 ఎంబీ, గరిష్ఠం 71.*

ఇప్పుడున్న స్థితి

క్రాన్ రీస్టార్ట్ తీసేశాను. బదులుగా సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపేది) యూనిట్‌లో మెమరీ హై 150 ఎంబీ, మెమరీ మ్యాక్స్ 200 ఎంబీ. మొదటిది దాటితే ప్రాసెస్ నెమ్మదిస్తుంది, రెండోది దాటితే ఆ సర్వీసు ఒక్కటే చస్తుంది, మెషిన్‌లో మిగతావాటికి టెన్షన్ ఉండదు. డిస్క్రిప్టర్ల సంఖ్య, అన్‌ట్యాగ్డ్ డిక్షనరీలో మొత్తం ఎంట్రీలు, బతికున్న మెసేజ్ ఆబ్జెక్టుల సంఖ్య, ఈ మూడూ గంటకోసారి లాగులో పడుతున్నాయి. మళ్లీ ఎవరైనా ఎక్కడైనా కాష్ డెకరేటర్ తగిలిస్తే ఎంబీల కంటే ముందు ఈ అంకెలే కదులుతాయి.

పాత దారి ఒకచోట మిగిలింది. టెక్స్టు లోపలే యూయూఎన్‌కోడ్ (ఫైలుని అక్షరాలుగా మార్చే పాత పద్ధతి) చేసి పంపే పాతకాలపు మెయిళ్లని బాడీస్ట్రక్చర్ అటాచ్‌మెంటుగా చూపించదు, వాటికి మొత్తం మెయిల్ తేక తప్పదు. తెచ్చే ముందు ఆర్‌ఎఫ్‌సీ822 సైజు అడిగి, 5 ఎంబీ దాటితే మనిషి చూసే ఫోల్డర్‌లోకి కాపీ చేసి వదిలేస్తున్నాను.